పద్నాలుగు మూలల కోటు

కొత్త గుడ్డ ఏదైనా మూలన పసుపు చుక్క పెట్టకుండా ఒంటి మీద వేసుకోకూడదన్నది కారమడైలో అంజలమ్మ ఇంటి చట్టం. చీరకైనా తువ్వాలుకైనా అంతే. ఆమె భర్త ఒకప్పుడు ఈ చట్టాన్ని మీరి, చుక్క లేని కొత్త పంచె కట్టుకుని మేట్టుపాళయం అరటికాయల మండీకి వెళ్ళాడట. పదేళ్ళుగా మూతి మీద వాలిన ఈగను కూడా తోలుకోని ముసలి ఎద్దు ఒకటి ఆ రోజే లేచిందట. మండీలో ఉన్న వంద మందినీ దాటుకుని వచ్చి, ఆయన్నే వెతికి పట్టుకుని కుమ్మిందట. అంజలమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ మండీలో జనం పెరిగేవారు. మనుమరాలు వాసుకి పెద్దదయ్యేసరికి వాళ్ళు నాలుగు వందలయ్యారు. ఎద్దు మాత్రం అదే ఎద్దు.

అలాంటి ఇంట్లో పుట్టిన వాసుకికి మదురైలో ఎం.బి.బి.ఎస్. సీటు వచ్చింది. కాలేజీవాళ్ళు పంపిన జాబితాలో పుస్తకాలు, ఎముకల పెట్టె, రంగు పెన్సిళ్ళతోపాటు తెల్ల కోట్లు రెండు అని ఉంది. పట్నంలోని ఆర్.ఎస్. పురంలో పేరున్న దర్జీ దగ్గర కుట్టించారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చిన ఆ కోట్లు, మనిషి లేకపోయినా తమంతట తామే నిలబడేటట్టు ఉన్నాయి.

అంజలమ్మ ఒక కోటును చాప మీద పరిచి, పసుపు గిన్నె పక్కన పెట్టుకుని మూలలు లెక్కపెట్టింది. కాలరుకి రెండు, ఛాతీ మీది మడతలకి రెండు, ముందు అంచుల కింద రెండు, వెనక చీలికకి రెండు, మూడు జేబులకి ఆరు. మొత్తం పద్నాలుగు.

"అవ్వా, ఒక్క చుక్క చాలదా?" అంది వాసుకి.

"ఏమిటికి చాలుతుంది? చీరకి ఒకటి చాలు. ఇది చీరనా? ఊరోళ్ళ ప్రాణాలు చూసే గుడ్డ ఇది, అమ్మిణీ. చుమ్మా ఉండు, మాట్లాడకు."

"కాలేజీలో నవ్వుతారు అవ్వా."

"నవ్వనీ. నవ్వేవాళ్ళకి నొప్పి వస్తే నీ దగ్గరికే గదా వస్తారు."

మూల మూలకీ చుక్క పడ్డాక, ఆ సాయంత్రమే రెండు కోట్లూ రంగనాథుడి గుడికి వెళ్ళి వచ్చాయి. వాటితోపాటు వాసుకి కూడా వెళ్ళింది. సన్నిధిలో అంజలమ్మ మనుమరాలి చెయ్యి తన చేతిలో వేయించుకుని మాట తీసుకుంది: పసుపు పెట్టని కొత్త కోటు వేసుకోనని. మనుమరాలికి సీటు రావాలని రెండేళ్ళపాటు శనివారాలు ఒంటిపూట తిన్న ముసలామె అడుగుతుంటే కాదనడం ఎలా? వాసుకి సరేనంది. ఆ మాట ఇవ్వడానికి అర నిమిషం పట్టింది. దాన్ని మోయడానికి నెల రోజులు పట్టింది, అదీ ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఏడుపుతో.

మదురైలో మొదటి వారం అనాటమీ హాల్లో ఏ గొడవా రాలేదు. అక్కడ ఎవరూ ఎవరి కోటూ చూడరు. అందరి కళ్ళూ బల్ల మీదే ఉంటాయి, కళ్ళు తిరిగి పడేవాళ్ళవి తప్ప. గొడవంతా గురువారం, బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్లో వచ్చింది.

ప్రొఫెసర్ కళైవాణి గారికి గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. కాన్వెంటు బడిలో పెద్ద సిస్టరమ్మ వరండాలోకి వస్తే కాకులు కూడా అరుపు ఆపుతాయే, ఆ జాతి నిశ్శబ్దం ఆవిడది. వరసలో నిలబడ్డ పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తూ వచ్చి, వాసుకి ముందు ఆగింది.

"ఎన్నమ్మా ఇదు?"

"పసుపు మేడమ్. కొత్త బట్ట కదా, మా అవ్వ..."

"మా ఇంట్లోనూ పెడతారు. ఒక్క చుక్క. నువ్వు కోటు వేసుకొచ్చావా, నిమ్మకాయ అన్నం ఒంటి మీద పోసుకొచ్చావా?"

ఇరవై ఐదు మంది నవ్వారు. కళైవాణి గారు నవ్వలేదు. ‘అమ్మా’ అనడానికి బదులు తమిళంలోలాగా ‘మా’ అని ఆపేయడం ఆవిడ అలవాటు.

"రోగి ముందు చూసేది నీ మొహం కాదు మా, నీ కోటు. మరక ఉన్న కోటుతో నా ల్యాబ్‌లో హాజరు లేదు. వరసగా నాలుగు ప్రాక్టికల్స్ పోగొట్టుకున్నవాళ్ళకి మొదటి ఇంటర్నల్ పరీక్ష లేదు. ఇది ఒకటి."

బయట వరండాలో నిలబడ్డ వాసుకికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. అప్పుడే ల్యాబ్ అటెండర్ తిరుమలసామి సీసాల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. రిటైర్‌మెంట్‌కి రెండేళ్ళు మిగిలిన మనిషి. కోటును కాలరు నుంచి అంచు దాకా చూసి, తమిళం వదిలేసి అడిగాడు:

"ఏ ఊరు పాపా మీది?"

వాసుకి ఉలిక్కిపడింది. ఈ కాలేజీలో తెలుగు మాట వినడం అదే మొదలు.

"కారమడై అన్నా. మీరు?"

"కోవిల్‌పట్టి పక్కన కరిసల్ కాడు. నల్లమట్టి. మా అమ్మ చొక్కాకి ఆరు పెడతా ఉండె. నీకు ఎన్ని పెట్టినారు?"

"పద్నాలుగు."

తిరుమలసామి పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వాడు. "పద్నాలుగా! మీ అవ్వకి నా దండం. సరి, ఒకటి చెప్తా విను. సబ్బు మాత్రం పెట్టవద్దు. మూడు దినాలు ఎండలో వెయ్యి, అదే పోతాది."

మంచి సలహానే. కానీ అది ఐప్పసి, తమిళుల వానల నెల. మదురై మీద ఆకాశం కుళాయి విప్పి కట్టడం మరిచిపోయినట్టుంది. హాస్టల్లో బట్టలు వరండాలో ఆరేసుకోవాలి. అక్కడికి ఎండ కాదు కదా, దాని కబురు కూడా రాదు. మంగళవారం దాకా చూసి, ఓపిక పోయి వాసుకి రెండు కోట్లకీ సబ్బు పెట్టింది.

సబ్బు తగలగానే పసుపు చుక్కలు ఎర్రగా మారాయి. రుద్దినకొద్దీ ఇంకా ఎర్రబడ్డాయి. హాస్టల్ కుళాయిలో నీళ్ళు చుక్క చుక్కగా వస్తాయి, జాడించడానికి చాలవు. తన గదిలోనే ఉండే కర్పగం తొంగి చూసి, "ఏయ్, ఎవరిని కోసి వచ్చావే?" అని రెండడుగులు వెనక్కి వేసింది.

గురువారం కళైవాణి గారు అదే చోట ఆగింది.

"రక్త పరీక్షలు వచ్చే నెల కదా మా. ఇప్పుడే ఎవరిని పొడిచావు?"

వాసుకి ఈసారి సిద్ధంగా వచ్చింది. "మేడమ్, ఇది రక్తం కాదు. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపు అవుతుంది. చూపిస్తాను." బల్ల మీది సీసాలోంచి పలచని అసిటిక్ ఆమ్లం ఒక్క చుక్క జేబు మూల మీద వేసింది. ఎర్ర మరక అందరి కళ్ళ ముందే పసుపు మరక అయిపోయింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. వెనక నిలబడ్డ తిరుమలసామి చప్పట్లు కొట్టబోయి, కళైవాణి గారి వీపు చూసి చేతులు జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ తల ఊపింది. "బాగుంది. కారణం తెలిసింది. మరక పోయిందా?"

"లేదు మేడమ్. రంగు మారింది."

"బయటికి. ఇది రెండు."

ఆ రాత్రి కారమడైకి ఫోను చేసి వాసుకి ఉన్నదంతా చెప్పింది. అవతల అంజలమ్మ అడిగింది: "రంగు మారినాదా? ఎరుపుగానా? మంచిదే అమ్మిణీ, కుంకుమ గూడా పెట్టినట్టే అయిపోయ."

ఆ మాటతో వాసుకి బ్లీచింగ్ పొడి కొనుక్కొచ్చింది. ప్యాకెట్ మీద ఒక చెంచా అని రాసి ఉంది. చెంచాతో పోయే కోపం కాదది. ప్యాకెట్ మొత్తం బక్కెట్‌లో పోసి, రెండు కోట్లనీ అందులో తొక్కి, ఒక రోజంతా మరిచిపోయింది. తీసి చూస్తే మరకలు పోయిన మాట నిజమే. మరకలు ఉన్న చోట గుడ్డ కూడా పోయింది. పద్నాలుగు మూలల్లోనూ పద్నాలుగు కన్నాలు. మూడో గురువారం జేబులో పెట్టిన పెన్ను కన్నంలోంచి జారి, టకటకమని దొర్లుకుంటూ వెళ్ళి కళైవాణి గారి చెప్పు దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని తీసి వాసుకి చేతికిచ్చి, తలుపు వైపు చూసింది. మూడు.

ఇక ఒక్కటే మిగిలింది. నాలుగోది కూడా పోతే ఇంటర్నల్ పరీక్ష లేదు, ఇంటికి ఉత్తరం వెళుతుంది. సీటు వచ్చిందని ఊరందరికీ మైసూర్‌పాకు పంచిన ఇంటికి.

వాసుకి బజారులో ఒక కొత్త కోటు కొంది. ఇచ్చిన మాట కూడా తప్పకుండా, జేబు లోపల ఎవరికీ కనబడని చోట ఆవగింజంత పసుపు చుక్క తనే పెట్టుకుంది. ఇంత తెలివి తనకు మొదటి వారంలోనే ఎందుకు రాలేదా అని తనని తాను తిట్టుకుంది కూడా. ఆ తెలివి మీద నమ్మకంతోనే వీడియోలో అవ్వకి చూపించింది. అదీ ఆమె చేసిన తప్పు.

"ఒకటేనా?" అంది అంజలమ్మ, ముక్కు ఫోనుకి ఆనేటట్టు వంగి. "మిగతా పదమూడు యాడ పోయినాయి?"

"ఒకటి పెడితే మాట నిలబడినట్టే కదా అవ్వా."

"సన్నిధిలో చెయ్యి పెట్టినప్పుడు ఈ కోటుకి ఎన్ని మూలలు ఉండె?"

వాసుకి ఫోను పెట్టేసింది. అంజలమ్మ వెంటనే ఇంకొకరికి చేసింది.

ఆ ఇంకొకరు పెరుమాళ్‌సామి, అంజలమ్మ చిన్న కొడుకు, వాసుకికి చిన్నాయన. మేలూరు దగ్గర గ్రానైటు రాళ్ళు సానపట్టే పట్టడ నడుపుతాడు. ప్రతి ఆదివారం హాస్టల్ గేటు దగ్గరికి ఒక చేత్తో టిఫిన్ క్యారియరు, ఇంకో చేత్తో మేలూరులో ఉన్న చుట్టాల ఎక్స్‌రేలన్నీ పట్టుకుని వస్తాడు. కాలేజీలో చేరి మూడు వారాలైన పిల్ల ఎక్స్‌రే చూసి ఏం చెబుతుందని ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు.

"ఇది మీ అత్త మోకాలు. ఇది మా మేస్త్రీ భుజం. పైకెత్తి చూడు నా కన్నూ, వెలుతురులో."

"చిన్నాయనా, మాకింకా చెయ్యి ఎముకలే అయినాయి. మోకాలు రాలేదు."

"అట్లనా? అయితే భుజం చూడు. అది చెయ్యే గదా."

ఆ ఆదివారం ఆయన ఎక్స్‌రేలతో సరిపెట్టుకోలేదు. కొత్త కోటును గదిలోంచి తెప్పించి చూసి, "ఇంత మడతలు ఉండాయే! మా పక్కింటి ఇస్త్రీవాడు అద్దంలా చేస్తాడు. బుధవారం తెచ్చి ఇస్తా" అని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చిన్నాయన ఇన్నేళ్ళలో తన చొక్కా ఒక్కటి ఇస్త్రీ చేయించిన మనిషి కాదన్న సంగతి వాసుకికి ఆయన బస్సెక్కాక గుర్తొచ్చింది.

బుధవారం సాయంత్రం కోటు వచ్చింది. ఇస్త్రీ బ్రహ్మాండంగా ఉంది. మూలలు పద్నాలుగూ మేలూరు పసుపుతో దీపాల్లా వెలుగుతున్నాయి. జేబులో ఒక చీటీ ఉంది. తెలుగు మాటలు, తమిళ అక్షరాలు. వాళ్ళింట్లో తెలుగు రాసేది అలాగే: "అవ్వ ఫోనులో చెప్పినట్టే పెట్టినాం. లోపల నువ్వు పెట్టినదాన్ని లెక్కలో చేర్చలేదు. ఇట్లు, చిన్నమ్మ."

వాసుకి ఆ కోటును పట్టుకుని మంచం మీద కూర్చుంది. వాన ఆగలేదు. సబ్బు పెడితే ఎరుపు, బ్లీచింగ్ పెడితే కన్నాలు. క్లాసు పిల్లలందరికీ ఒకే గంటలో ప్రాక్టికల్, ఎవరి కోటు వాళ్ళకే కావాలి. సీనియర్లను అడుగుదామంటే వాళ్ళ ముందు తలెత్తడానికే ఇంకా ధైర్యం రాలేదు. అవ్వకి చెప్పకుండా మచ్చలేని కొత్త కోటు కొనేసి వేసుకుంటే ఎవరికీ తెలియదు. నిజమే. కానీ సన్నిధిలో తన చెయ్యి పట్టుకున్న అవ్వ చెయ్యి ఎంత సన్నగా, ఎంత వేడిగా ఉందో వాసుకికి తెలుసు. కళైవాణి గారి మీద కోపం వచ్చింది. చిన్నమ్మ మీద, ఇస్త్రీవాడి మీద కూడా వచ్చింది. పద్నాలుగు మూలలతో కోటు కనిపెట్టిన తెల్లదొర ఎవడో, వాడి మీద అందరికన్నా ఎక్కువ వచ్చింది.

గురువారం గంట ముందే ల్యాబ్‌కి వెళ్ళి, కోటు మడత విప్పకుండా తిరుమలసామి ముందు పెట్టింది.

"చూడండి అన్నా. నాలుగోది. నేను ఇంటికి పోయి అరటితోట చూసుకుంటాను. అరటిచెట్టు కోటు అడగదు."

తిరుమలసామి కోటు విప్పి చూసి ఈసారి నవ్వలేదు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పాపా, మీ అవ్వకి ఏమని మాటిస్తివి? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"పసుపు పెట్టని కొత్త కోటు వేసుకోనని."

"కొత్త కోటు?"

"ఆ, కొత్త కోటు."

"మీ ఇంట్లో పాత గుడ్డకి పసుపు పెడతారా?"

"పాత గుడ్డకి ఎవరైనా పెడతారా అన్నా?" అని వాసుకి విసుగ్గా అంది. అనేశాక నోరు మూయడం మరిచిపోయింది.

తిరుమలసామి లోపలి గదిలోకి వెళ్ళి, తూకపు యంత్రం మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డను దులిపి తెచ్చాడు. అది ఒక కోటు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి, తెలుపు కన్నా ఒక మెట్టు పైకి పోయిన తెలుపు. మచ్చ లేదు. వాసుకి లాంటివాళ్ళు ఇద్దరు పడతారు అందులో. కాలరు లోపల సిరాతో పేరు ఉంది: శరవణకుమార్.

"వేసుకునే ముందు అవ్వని అడగాలి" అంది వాసుకి. ఫోను కలిపింది.

అంజలమ్మ కోటును పైకీ కిందికీ తిప్పించి చూసింది. పాతదేనని ఒప్పుకుంది. పాతదానికి పసుపు అక్కర్లేదని కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవలసి వచ్చినందుకు ఆమె మొహం చింతకాయ కొరికినట్టయింది. అంతటితో వదలలేదు.

"ఎవడు వేసి విడిచిన గుడ్డ అది? వాడు పాసయ్యెనా?"

వాసుకి తిరుమలసామి వైపు చూసింది. ఆయన ఫోను అందుకున్నాడు.

"వణక్కం అవ్వా. ఇప్పుడు తేని ఊరి పక్కన పెద్ద డాక్టరు ఆయన. ఈ కోటు గురించి నేను చెప్తా వినండి. ఇది ఒక్కటే నాలుగు మాట్లు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షకి పోయివచ్చె. దీనికి తెలియని ప్రశ్న ఉండదు."

"నాలుగు మాట్లా!" అంజలమ్మ గొంతు మారిపోయింది. "ఒక్కమాటు రాస్తేనే పిల్లలు అల్లాడతారే. నాలుగు మాట్లు రాసినాడంటే ఎంత తెలివి ఉండాల! వేసుకో అమ్మిణీ, వేసుకో. ఆయన పేరు చెరపవద్దు."

ఫోను పెట్టాక వాసుకి నెమ్మదిగా అడిగింది. "నాలుగు సార్లు ఎందుకు రాశాడు అన్నా?"

"మూడు మాట్లు పోయింది గదా, పాపం" అన్నాడు తిరుమలసామి, సీసాలు సర్దుకుంటూ. "నాలుగో మాటు పాసయ్యె. ఈ కోటుతోనే."

ఆ గంటలో కళైవాణి గారు వరస వెంట వచ్చింది. వాసుకి ముందు ఆగింది. కోటు భుజాలు మోచేతుల దాకా దిగి ఉన్నాయి. చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఆవిడ కాలరు చూసింది, మడతలు చూసింది, జేబులు మూడూ వంగి చూసింది. వెనక్కి తిరగమని వేలితో సైగ చేసి చీలిక చూసింది. ఎన్ని మూలలున్నాయో ఆవిడకి కూడా ఈపాటికి నోటికి వచ్చేసింది.

"ఈ కోటును ఎక్కడో చూశాను" అంది. వాసుకి లోపలి పేరు కనబడకుండా కాలరును మెడకి నొక్కుకుంది. ఆవిడ హాజరు పుస్తకంలో గీత గీసింది. "చేతులు మడుచుకో మా. ఆమ్లంలో ముంచేవు."

ఇంటర్నల్ పరీక్ష తర్వాతి వారం శనివారం అయింది. బాగానే రాశానని వాసుకి అనుకుంది. నోటి పరీక్షలో కళైవాణి గారు ఆమ్లమో క్షారమో రంగు మారి చూపించే సూచిక, ఇంట్లో దొరికేది ఒకటి చెప్పమంటే, వాసుకి పసుపు పేరు చెప్పడానికి ముందు గట్టిగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకి కూడా ఒక మార్కు పడిందని తిరుమలసామి చాలా రోజులు చెప్పుకున్నాడు.

పరీక్ష అయ్యాక ప్రొఫెసర్ వెనకే మెట్లు దిగుతూ వాసుకి గేటు వైపు చూసింది. అక్కడ గుమిగూడిన జనం మధ్య, ఆదివారం దాకా ఆగలేక వచ్చిన పెరుమాళ్‌సామి ఉన్నాడు. మేలూరు పసుపు పెట్టిన కోటు వాడకుండా ఉండిపోయిందని ఆయన తీసుకుపోయి, పట్టడలో రాతిపొడి పడకుండా వేసుకుంటున్నాడు. చిన్నమ్మ సబ్బుతో ఉతికినట్టుంది, పద్నాలుగు మూలలూ ఎర్రగా మండుతున్నాయి. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో మేస్త్రీ భుజం ఎక్స్‌రే. వాచ్‌మన్ లేచి నిలబడి "వణక్కం డాక్టర్" అంటున్నాడు. చిన్నాయన ఆ దండాన్ని కాదనలేదు సరికదా, ఎక్స్‌రేను వెలుతురుకి పైకెత్తి వాచ్‌మన్‌కి చూపిస్తున్నాడు.

"కన్నూ!" అని కేకేశాడు వాసుకిని చూసి. "మోకాలు వచ్చినాదా?"

కళైవాణి గారు మెట్ల మీద ఆగిపోయింది. ఎర్రటి మూలలను కాలరు నుంచి కిందిదాకా లెక్కపెట్టినట్టు చూసింది.

"మీవాళ్ళేనా మా?"

వాసుకి ఎటైనా పారిపోదామని చూసింది. తోవ లేదు.

"మా చిన్నాయన మేడమ్."

"ఈయనకి కూడా హాజరు వెయ్యాలా?" అని, ఆవిడ మొదటిసారి నవ్వింది.